మబ్బు పడితే చెట్టు కిందికి పోకు

బిడ్డా,

ఫోన్‌లో చెబితే "సరే బాపూ" అని పెట్టేస్తావు. అందుకే ఆర్టీసీ కార్గోలో పంపే డబ్బాలో ఈ కాగితం పెడుతున్నా. నువ్వు మాట్లాడక పదకొండు రోజులైంది. "బాగున్నా" అని మెసేజ్ పెట్టావు, చూశాం. అమ్మ దాన్నే రోజుకు రెండుసార్లు తీసి చూస్తోంది.

ఇక్కడ అంతా మంచిదే. బంగినపల్లి కాయ కోడిగుడ్డంత అయింది. మొన్న ఆదివారం గాలిదుమారానికి చాలా రాలాయి, లచ్చవ్వ ఏరితే రెండు బస్తాలయ్యాయి. మిగిలిన కాయ చల్‌గల్ మార్కెట్‌కు చేరేదాకా నాకు నిద్ర పట్టదు. యాసంగి వడ్లు ఇంకో పది రోజుల్లో కోతకొస్తాయి. చిన్నబాపు ఇప్పుడే టార్పాలిన్లు తెచ్చిపెట్టాడు.

వాతావరణ శాఖ వాళ్ల ఎండాకాలం అంచనా టీవీలో చెప్పారు. ఈసారి ఎండలు మామూలు కన్నా ఎక్కువట, వడగాలులు వీచే రోజులు కూడా ఎక్కువేనట. 40 డిగ్రీలు దాటి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వడగాలి అంటారు. మీ ఆదిలాబాద్‌కు అది కొత్త కాదు. నా భయం ఎండ గురించి కాదు. ఎండకైతే తలకు రుమాలు కట్టుకుంటావు, నీళ్లు తాగుతావు. కానీ పొద్దంతా నేల కాలి, పైన విదర్భ మీదుగా ద్రోణి ఉండి, సముద్రం వైపు నుంచి తేమ గాలి వచ్చిందంటే మూడింటికి తెల్లగా ఉన్న ఆకాశం నాలుగింటికి నల్లబడుతుంది.

సదన్న కొడుకు ఉట్నూరు నుంచి వచ్చి ఒక మాట చెప్పాడు. మొన్నటి గాలివానలో నువ్వు చింతచెట్టు కింద స్కూటీ ఆపి నిలబడ్డావట. ఉరుములు కూడా ఉరుముతున్నాయట. అబద్ధమైతే ఆ మాట ఫోన్ చేసి చెప్పు.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు పన్నెండేళ్లప్పుడు తాతతో నువ్వుల చేనుకు పోయాను. ఎడ్లను వేపచెట్టుకు కట్టేశాం. సాయంత్రం గోదావరి వైపు నుంచి మబ్బు లేచింది, వెంటనే రాళ్లవాన మొదలైంది. నేను చెట్టు కిందికి ఉరికాను. తాత నా రెక్క పట్టి వెనక్కి గుంజి, గెట్టు పక్కన పల్లంలో కూర్చోబెట్టి, నెత్తిన గోనెసంచి కప్పాడు. రాళ్లు వీపు మీద పడుతుంటే నేను ఏడుస్తున్నా, చెట్టు కిందికి పోదాం అని. "కదిలితే తంతా" అన్నాడు. ఎన్నడూ నన్ను అంత మాట అనలేదు. అంతలో కళ్లు బైర్లు కమ్మాయి. చప్పుడు వినబడిందో లేదో కూడా గుర్తు లేదు, మట్టి కాలిన వాసన మాత్రం గుర్తుంది. వాన తగ్గాక పోయి చూస్తే రెండు ఎడ్లూ పడి ఉన్నాయి. ఎర్రెద్దు నోట్లో గడ్డిపోచ అట్లనే ఉంది, సగం నమిలింది. తాత దాని మెడలోని గంట విప్పి, తువ్వాలుతో తుడిచి, జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. మన దర్వాజకు వేలాడే గంట అదే. చిన్నప్పుడు నువ్వు కుర్చీ ఎక్కి ఊపేదానివి.

అందుకే చెబుతున్నా. ఉరుము వినబడిందంటే పిడుగు నీ దాకా రాగలదని అర్థం. మెరుపు మెరవగానే లెక్కపెట్టు, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరిమితే పక్కా ఇంట్లోకి పో. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకు. ఇల్లు దొరక్కపోతే బండి వదిలేసి దూరంగా పో, మడమలు కలిపి గొంతుక్కూర్చో, నేల మీద మాత్రం పడుకోకు. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకో, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చెబుతుంది. ఆరెంజ్ అలర్ట్ ఉన్నరోజు చార్జింగ్ నిండా పెట్టుకుని బయలుదేరు. అన్నం తినకుండా పోకు.

పని మానమని అనను. 2023 మార్చిలో రాళ్లవానకు మన మక్క పడిపోయినప్పుడు ఎకరానికి 10,000 ప్రకటించారు. 33 శాతం పైన పోయిందని రాస్తేనే లెక్కలోకి వస్తుంది. రాసే ఏఈఓ కోసం, అంటే నీలాంటి వ్యవసాయ విస్తరణ అధికారి కోసం, నేను గెట్టు మీద మూడు రోజులు కూర్చున్నా. నీ కోసం కూడా ఎవరో అట్లనే కూర్చుంటారు. పొద్దున ఏడింటికే పో, మూడు దాటాక చేలల్లో ఉండకు. మిగిలింది రేపు చూస్తానంటే రైతు ఏమీ అనుకోడు. ఉరుము సంగతి వాళ్లకు తెలియనిది కాదు.

డబ్బాలో రాలిన కాయలతో పెట్టిన పచ్చడి ఉంది, మూత గట్టిగా పెట్టు. పల్లిపట్టీలు నీ పక్క గది పిల్లకు కూడా ఇవ్వు. అడుగున రెయిన్‌కోటు ఉంది, చినిగిన కుడి చేయి అమ్మ కుట్టింది. డబ్బా ముట్టగానే ఫోన్ చేయి. మెసేజ్ పెట్టకు, ఫోన్ చేయి.

మీ బాపు