విశాఖకు గంటంబావు: ఏ లెక్కన?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి విమానంలో గంటంబావు ప్రయాణమని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. దూరం మాత్రం ఒకచోట 500 కిలోమీటర్లనీ, మరొకచోట 620 అనీ, ఇంకొకచోట 700 అనీ కనిపిస్తుంది. నిజానికి ఈ మూడు అంకెలూ ఇంచుమించు సరైనవే. ఏది దేని లెక్కో చెప్పకపోవడంతోనే చిక్కంతా వస్తోంది.

పటం చూస్తే విశాఖ మనకు దాదాపు నేరుగా తూర్పున, కాస్త ఉత్తరంగా ఉంటుంది. గోదావరి దాటి సూటిగా పోయే విమానానికి అది సుమారు 500 కిలోమీటర్లు. బస్సు మాత్రం సూర్యాపేట మీదుగా దక్షిణానికి, విజయవాడకు దిగి, రాజమహేంద్రవరం వైపు మళ్లీ పైకి రావాలి కనుక దానికి 620 దాటుతుంది. ముందు కాజీపేట దాకా వెళ్లి అప్పుడు విజయవాడకు దిగే రైలుకైతే 700 అవుతుంది.

ఇక సమయం సంగతి. టికెట్టు మీద చూపే గంటంబావు పూర్తిగా గాలిలో గడిచేది కాదు. విమానం ఇక్కడ నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. ఆకాశంలో గంటకు 800 కిలోమీటర్ల వేగంతో ఎగిరే విమానానికి కూడా రన్‌వే దాకా నడక, పైకెక్కడం, కిందికి దిగడం కలిపితే సగటు 400 చిల్లరే పడుతుంది. దగ్గరి ఊళ్ల ప్రయాణాల్లో ఈ నష్టం మరీ ఎక్కువగా తెలుస్తుంది.

కిందటి నెలలో మధురవాడలో మేనకోడలి పెళ్లికి వెళ్లాను. విమానం ఉదయం 8.20కి. దేశీయ ప్రయాణాలకు గంట ముందే కౌంటరు మూసేస్తారు కదా అని కూకట్‌పల్లిలో 5.30కే బయల్దేరాను. తనిఖీ వరుసలో బెల్టూ చెప్పులూ తీసి ట్రేలో పెట్టి, గేటు దగ్గర కూర్చుని, చివరికి బస్సెక్కి విమానం చేరాను. విశాఖలో 9.35కి దిగినా, పెట్టె చేతికొచ్చి, ఆటో దొరికి, పెళ్లి పందిరి చేరేసరికి 11 అయింది. అంటే ఐదున్నర గంటలు. వందే భారత్ రైలు సికింద్రాబాద్ నుంచి విశాఖకు సుమారు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. స్టేషనుకు రానూపోనూ మరో గంటన్నర వేసుకున్నా పది. విమానమే ముందు చేరుతుందనడంలో అనుమానం లేదు, కానీ తేడా నాలుగున్నర గంటలే తప్ప, అంకెలు చూసి మనం అనుకునే ఏడు గంటలు కాదు.

విశాఖలో ఏ మూలకు వెళ్తున్నామన్నది కూడా చూసుకోవాలి. ఇప్పటి విమానాశ్రయం గాజువాక వాళ్లకు పక్కనే ఉంది; విజయనగరం జిల్లాలోని భోగాపురం విమానాశ్రయం లెక్కన చూస్తే మధురవాడ వాళ్లకు ఎక్కువ వీలు, గాజువాక వాళ్లకు దూరం.

అందువల్ల దూరం రాసేటప్పుడు వాయుమార్గమా, రోడ్డా, రైలా అన్నది ఒక మాటలో చెప్పాలనీ, విమాన సమయం పక్కన ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయాన్ని ఉజ్జాయింపుగానైనా ఇవ్వాలనీ మీ ప్రయాణ శీర్షిక వారిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్