గ్యాస్ మాత్రల పార్సిల్ వద్దు

అమలాపురం

చిట్టితల్లికి, నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "గాల్‌బ్లాడర్ తీయించి తప్పు చేశామా నాన్నా" అన్నావు. పక్కనే మీ అమ్మ ఉంది, ఆవిడకి నాకన్నా టెన్షన్. అందుకే రాస్తున్నాను.

తప్పేం లేదమ్మా. రాళ్ళతో నేను మెలికలు తిరగడం నువ్వూ చూశావు. ఒక రాయి జారి పైత్యరసం వెళ్ళే గొట్టంలో అడ్డంపడితే కామెర్లు, ఖర్మ కాలితే పాంక్రియాస్ (క్లోమం) వాపు. ఆ బెడద వదిలింది. ఇప్పటిది వేరే గోల.

కాకినాడ డాక్టరుగారు ఎండోస్కోపీ చేసి వివరంగా చెప్పారు. లివర్ రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా పసరు, అదే పైత్యరసం, తయారుచేస్తుంది. గాల్‌బ్లాడర్ దాన్ని దాచి, చిక్కబరిచి, మనం నెయ్యో నూనో తిన్నప్పుడు వదిలేది. మన కాలవల్లో వంతు నీళ్ళలాగన్నమాట. ఇప్పుడు వంతూ లేదు, వేళా లేదు, రాత్రీపగలూ చిన్నపేగులోకి పడుతూనే ఉంటుంది. చాలామందికి దాంతో ఏ ఇబ్బందీ ఉండదు. కొబ్బరికాయల కొట్టు మావయ్య ఆపరేషనైన నెలకే పనసపొట్టు కూర ఆవపెట్టించుకుని తిన్నాడు! నాలాంటి కొందరికి మాత్రం కడుపుకీ పేగుకీ మధ్య ఉన్న కవాటం సరిగ్గా మూసుకోక, ఆ పసరు కడుపులోకి ఎగదన్నుతుంది. తెల్లారేసరికి నోరంతా చేదు, బొడ్డు పైన మంట. పెరట్లో కుళాయి దగ్గర కక్కితే పసుపూ ఆకుపచ్చా కలిసిన నీళ్ళు. అది చూసే మీ అమ్మ హడలిపోయింది.

నువ్వు పంపే గ్యాస్ మాత్రలు కడుపులో యాసిడ్‌ని తగ్గిస్తాయి, పసరుని ఆపలేవు. మంట కాస్త చల్లారినా చేదు పోలేదు. డాక్టరుగారు పసరు ఘాటు తగ్గడానికి అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు, కడుపు లోపలి పొరకి పూతలా ఉండటానికి తిండికి ముందు సుక్రాల్‌ఫేట్ సిరప్పు రాశారు. అందరికీ ఒకేలా పనిచేయవట, చూసి మారుస్తానన్నారు. మోకాళ్ళ నొప్పులకి సొంతంగా మాత్రలు మింగొద్దన్నారు. రాత్రి ఏడింటికే కొంచెం తినేసి, చాలాసేపటికి గానీ నడుం వాల్చడం లేదు. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాను. పులస వచ్చినప్పుడు మాత్రం నన్నాపడం మీ తరం కాదు, పైన తేలే నూనె తీసేసి రెండు ముక్కలు తింటాను.

జ్వరమొచ్చి కళ్ళు పచ్చబడినా, విరేచనం నల్లగా అయినా, వాంతిలో నెత్తురు పడినా, ఒళ్ళు చిక్కిపోతున్నా పసరేలే అని ఊరుకోకుండా పరిగెత్తాలన్నారు. ఆ కాగితం మీ అమ్మ ఫ్రిజ్ మీద అంటించింది.

వచ్చే నెల మళ్ళీ కాకినాడ వెళ్ళాలి. సెలవు దొరికితే నువ్వూ రా. ఆవకాయ సంగతి డాక్టరుగారిని అడుగుదామంటే మీ అమ్మ అడగనివ్వట్లేదు.

మీ నాన్న