కొటేషన్ కాగితంలో రాయని సంగతులు

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంటర్ పరీక్షలయ్యాయంటే చాలు, విజయనగరం, శ్రీకాకుళం కంప్యూటర్ దుకాణాల నుంచి గేమింగ్ సిస్టం కొటేషన్లు వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. చాలావాటిలో ఉండేవి ఐదే లైన్లు: "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌జీబీ క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్". ఇందులో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. కానీ కొనేది ఏ వస్తువో చెప్పే మాట కూడా ఒక్కటీ లేదు. మేం కంప్యూటర్లు బిగించి, బాగుచేసే పనిలో ఉన్నవాళ్లం. 50, 60 వేలు పోసి కొనేవారికి పనికొస్తుందని, ఆ ఐదు లైన్లలో లేనివి రాస్తున్నాం.

"ఐ7" అన్నది ఇంటెల్ కంపెనీ పెట్టిన పేరే గాని వయసు చెప్పదు. ఐ7-3770 అనే ప్రాసెసర్ 2012 నాటిది. దాన్ని హెచ్61 అనే పాత మదర్ బోర్డు మీద, డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్‌తో, రంగురంగుల లైట్లున్న కొత్త క్యాబినెట్లో కూర్చోబెడితే పైన పటారం, లోన లొటారం. దానికి నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కీ అంతే. కానీ ఈ ఐ3 పదేళ్ల తర్వాత వచ్చింది గనక ఒక్కో కోరు చేసే పని చాలా ఎక్కువ, ఆటల్లో ఆ ఐ3 ముందు ఈ ఐ7 నిలబడదు. పైగా విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం, ఆ పైవే అర్హమైనవి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. వాలరెంట్ లాంటి తుపాకుల ఆటయితే విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఆన్‌లో లేకుంటే తెరుచుకోదు. కాబట్టి "ఐ7" అని కాదు, ఐ అంకె తర్వాత గీత పక్కన ఉన్న పూర్తి నంబరు రాయించుకోండి.

ఆ నంబరు చివర అక్షరం కూడా చూడాలి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేనట్టే. గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొందామనుకుని ఎఫ్ రకం తెచ్చుకుంటే మానిటర్ మీద బొమ్మే రాదు. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600దీ అదే తీరు. కార్డు ఆలస్యమవుతుందనుకునేవారు 5600జీ తీసుకోవచ్చు గాని అందులో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ) సగమే: 32 ఎంబీ బదులు 16 ఎంబీ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి) కూడా 3వ తరం దగ్గరే ఆగుతుంది.

ఇక "4 జీబీ గ్రాఫిక్స్". అందరికంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే. జీటీ 730 కార్డు 4 జీబీతో దొరుకుతుంది, జీటీఎక్స్ 1650 కూడా 4 జీబీయే. మొదటిదాంట్లో ఎక్కువలో ఎక్కువ 384 కోర్లు, మెమరీ చాలావాటికి డీడీఆర్3. రెండోదాంట్లో 896 కోర్లు, అంతకన్నా ఎన్నో రెట్లు వేగమైన మెమరీ. పలాసలో గోదాములో ఎన్ని బస్తాల జీడి పిక్కలు పడతాయన్నది ఒక లెక్క, రోజుకి ఎన్ని పిక్కలు కొట్టగలరన్నది వేరే లెక్క. జీబీ అనేది గోదాము లెక్క మాత్రమే. జీటీ 710, 730 కార్డులు మానిటర్‌కి బొమ్మ ఇవ్వడానికి పనికొస్తాయి, ఆటలకి కాదు. జీటీ 1030లో ఇంకో తిరకాసు ఉంది: ఒకే పేరుతో జీడీడీఆర్5ది, డీడీఆర్4ది రెండు రకాలు అమ్ముడయ్యాయి. రెండోది బాగా నెమ్మది. డబ్బా మీద చిన్నక్షరాలు చదివితేనే తెలుస్తుంది.

అసలు లెక్క మానిటర్ దగ్గర మొదలుపెట్టాలి. 1080పీ (1920×1080 చుక్కల తెర), 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మారేది) మానిటర్ అనుకుంటే ఆర్‌ఎక్స్ 6600 కార్డు గాని, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డు గాని చక్కగా సరిపోతాయి. వీటికి జోడీగా రైజెన్ 5 5600 గాని, ఐ5-12400ఎఫ్ గాని చాలు. మొత్తం బడ్జెట్లో మూడో వంతు నుంచి 40 శాతం దాకా కార్డుకే కేటాయించాలన్నది మా మాట. ఒక్క వాలరెంట్ తప్ప వేరే ఆడనివారు మాత్రం ప్రాసెసర్‌కి కాస్త ఎక్కువ పెట్టుకోవచ్చు, ఆ ఆట కార్డు మీద పెద్దగా బరువు వేయదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవగ్గా దొరుకుతుందని తొందరపడొద్దు. అది పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో నాలుగే లేన్లు (వరసలు) వాడుకుంటుంది. బీ450 లాంటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3వ తరం బోర్డు మీద పెడితే ఉన్న శక్తి కూడా బయటికి రాదు. బీ550 బోర్డు తీసుకుంటే ఈ బెడద లేదు. పాత స్టాకు బీ450 బోర్డయితే బయాస్ (బోర్డులోనే ఉండి సిస్టాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాం) అప్‌డేట్ చేశాకే 5600ని గుర్తుపడుతుంది. ఆ పని దుకాణంలోనే చేయించుకుని, ఆన్ చేసి చూసి తెచ్చుకోండి.

ర్యామ్ 16 జీబీ అంటే ఒక్క స్టిక్కా, రెండు ఎనిమిదులా అని అడగాలి. రెండు స్టిక్‌లు పెడితే డ్యూయల్ ఛానల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో పనిచేస్తుంది, ఆటలో ఆ తేడా కనిపిస్తుంది. 5600జీ మీద కార్డు లేకుండా ఆడేవారికయితే మరీను. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. మొదటి రెండింట్లో పెడితే సింగిల్ ఛానల్ అయిపోతుంది. 3200 వేగం ర్యామ్ కొన్నా బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే చాలావరకు 2133 దగ్గరో, 2400 దగ్గరో, 2666 దగ్గరో నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఎంత వేగంతో నడుస్తోందో రాసి ఉంటుంది. దుకాణంలోనే చూసేయొచ్చు. డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా పైకెళ్లాయి. అందుకని ఈ లైనులోనే కోత పెట్టి ఒక్క స్టిక్ అంటగట్టడం ఎక్కువైంది.

ఎస్‌ఎస్‌డీ సంగతి పొడుగ్గా చెప్పక్కర్లేదు. ఎం.2 అనే సన్నని పట్టీ ఆకారంలో ఉన్నవన్నీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) కావు. అదే ఆకారంలో సాటా అనే పాత, నెమ్మది రకాలూ ఉన్నాయి, అవి సెకనుకి సుమారు 550 ఎంబీ దగ్గరే ఆగుతాయి. ఎన్‌వీఎంఈ అని కాగితం మీద రాయించుకుంటే చాలు.

చివరి లైనుకొద్దాం: "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్". మా దగ్గరికి బాగుకొచ్చే సిస్టాల్లో ఎక్కువ భాగం ఈ మూడు మాటల పుణ్యమే. క్యాబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా) మీద పెద్దక్షరాల్లో "450 వాట్స్" అని ఉంటుంది. దాని పక్క స్టిక్కర్ మీది చిన్న పట్టీ చదవండి. 12 ఓల్టుల గడి కింద 16 ఆంపియర్లని ఉందనుకోండి, 12ని 16తో గుణిస్తే 192 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఆ 12 ఓల్టుల నుంచే. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు, 5600 ప్రాసెసర్ 76 దాకా, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు కలిపి ఇంకో 50. అంటే దగ్గరదగ్గర 300. 192 వాట్ల డబ్బాతో ఇది నడవదు. డెస్క్‌టాప్ వస్తుంది, వీడియోలు ఆడతాయి, ఆట మొదలైన పది నిమిషాలకి టక్కున ఆరిపోతుంది. చాలామంది అది కార్డు లోపమనుకుంటారు. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) ముద్ర ఉన్న 550 వాట్లది, 12 ఓల్టుల గడిలో 40 ఆంపియర్లకి తగ్గనిది తీసుకుంటే ఈ జోడీకి నిశ్చింత.

చవక ఎస్‌ఎంపీఎస్‌లో కార్డుకి కావాల్సిన 8 పిన్నుల తీగ ఉండదు. అప్పుడు హార్డ్ డిస్కు పెట్టే సాటా తీగకి ఒక అతుకు తీగ తగిలించి కార్డుకి ఇస్తుంటారు. సాటా ప్లగ్గు 12 ఓల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు. కార్డు 8 పిన్నుల దారి నుంచి 150 దాకా లాగగలదు. ప్లగ్గు కరిగి నల్లబడి, ఒక్కోసారి డిస్కునీ తీసుకుపోతుంది. ఇంకొకటి: మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (తీగలు ఊడదీసి పెట్టుకునే రకం) తీగలు ఒక కంపెనీవి ఇంకో కంపెనీదానికి పెట్టకూడదు. ప్లగ్గు పడుతుంది గాని లోపల పిన్నుల వరస వేరు. ఆన్ చేయగానే డిస్కులు పోతాయి.

మన జిల్లాల కరెంటు తెలిసిందే. పల్లెల్లో సాయంత్రం మోటార్లు వేశారంటే ఓల్టేజీ దిగిపోతుంది. లేబుల్ మీద 100-240 ఓల్టులని ఉన్న ఎస్‌ఎంపీఎస్ ఆ దిగుడుని తట్టుకుంటుంది, విడిగా స్టెబిలైజర్ అక్కర్లేదు. ఒక్క 230 మాత్రమే రాసి ఉన్నవాటితోనే చిక్కు. యూపీఎస్ కొనేటప్పుడు 600 వీఏ అంటే 600 వాట్లనుకోవద్దు, మామూలుగా అది 360 వాట్లే. పైన చెప్పిన 300 వాట్ల సిస్టం గోడ దగ్గర 350 లాగుతుంది, మానిటర్ ఇంకో 30. ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమని తనూ పడుకుంటుంది. 1000 వీఏకి తగ్గొద్దు. ఇన్వర్టర్ మీద నడిపేవారు వెనక ఉండే చిన్న స్విచ్చిని "యూపీఎస్" వైపు పెట్టాలి. ఎస్‌ఎంపీఎస్ పూర్తి బరువు మీద కరెంటు లేకుండా నిలబడేది సెకనులో యాభయ్యో, అరవయ్యో వంతు మాత్రమే. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యంగా అందుకుంటుంది, సిస్టం రీస్టార్ట్ అవుతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడుతోందని చాలామంది చెబుతారు. అది కంప్యూటర్ రోగం కాదు, ఇంటి రోగం. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద సుమారు సగం ఓల్టేజీ నిలబడుతుంది. మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే 230 దరిదాపుల్లో ఉండాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు ఓల్టులు దాటకూడదు. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలిస్తే ఎర్త్ గుంత ఉన్నా లేనట్టే. ఎండాకాలంలో గుంత ఎండిపోతుంది, నాలుగు బిందెల నీళ్లు పోయాలి. తుపాను వెళ్లాక కరెంటు వచ్చీపోతూ ఉన్నంతసేపు ప్లగ్గు తీసే ఉంచండి. అద్దె జనరేటర్ మీద అసలు పెట్టొద్దు. పిడుగులు పడే వేళ ఇంటర్నెట్ రాగి తీగ కూడా పీకాలి, చాలామంది దాన్ని మరిచిపోతారు.

బారువ, కళింగపట్నం, భోగాపురం, పూసపాటిరేగ వైపు ఉప్పు గాలికి ర్యామ్, కార్డు అంచుల మీది కాంటాక్టులు మసకబారతాయి. నెల రోజులు వాడకుండా వదిలేశాక బొమ్మ రాకపోతే కంగారు పడొద్దు. ప్లగ్గు తీసి, ర్యామ్ బయటికి తీసి, పెన్సిల్ రబ్బరుతో బంగారు పూత మీద మెల్లగా రుద్ది, ఆ పొట్టు దులిపి మళ్లీ పెడితే చాలాసార్లు అదే సరిపోతుంది. రోజూ ఓ అరగంట ఆన్‌లో ఉంచితే తేమ పేరుకోదు.

ఇంట్లోనే బిగించుకునే కుర్రాళ్లు పదేపదే చేసే పొరపాట్లు కొన్ని. ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డు కింద ఎత్తు కోసం బిగించే చిన్న గుబ్బలు) బోర్డు రంధ్రాలకి ఎదురుగా లేనిచోట కూడా వదిలేస్తే అవి బోర్డు అడుగున తగిలి షార్ట్ అవుతుంది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే థర్మల్ పేస్ట్ బఠానీ గింజంత చాలు. విడిగా కొన్న కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగిస్తే ప్రాసెసర్ నిమిషాల్లో 90 డిగ్రీలకి చేరుతుంది. 5600 లాంటి ఏఎం4 ప్రాసెసర్‌కి పిన్నులు దాని అడుగునే ఉంటాయి. కూలర్ విప్పేటప్పుడు నిలువునా లాగితే పేస్ట్‌కి అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు సిస్టం నడిపి వేడెక్కాక ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ని అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. హెచ్‌డీఎంఐ తీగ మదర్ బోర్డుకి కాదు, కింద అడ్డంగా ఉన్న కార్డుకి పెట్టాలి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 దగ్గరే వదిలేసి ఆడుతున్నవాళ్లు ఎంతమందో!

దుకాణదారులకి మా విన్నపం ఒకటే: కొటేషన్‌లో ప్రతి వస్తువుకీ కంపెనీ, పూర్తి మోడల్ నంబరు రాయండి. కొనేవారు బిల్లు మీద 18 శాతం జీఎస్‌టీతో పాటు ప్రతి వస్తువు సీరియల్ నంబరూ అడిగి రాయించుకోవాలి. ఏడాది తర్వాత కార్డు పోతే మరమ్మతు కేంద్రానికి విశాఖ దాకా వెళ్లాల్సిందే. అక్కడ బిల్లు మీది నంబరూ కార్డు మీది నంబరూ కలిస్తేనే మాట ముందుకు సాగుతుంది. పాత కార్డు కొనేవారు జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపి చూడాలి. పాత చిప్పుకి కొత్త పేరు పెట్టిన నకిలీలు చాలావరకు అక్కడ దొరికిపోతాయి.

విశాఖలో బిగించుకుని బస్సులో తెచ్చుకునేవారు గ్రాఫిక్స్ కార్డు విప్పి దాని డబ్బాలోనే విడిగా పెట్టుకోండి. క్యాబినెట్‌ని పడుకోబెట్టి ఒళ్లో పెట్టుకోవాలి, బస్సు డిక్కీలో వేయకూడదు. కార్డు బరువుకి ఒక్క గోతిలో స్లాట్ విరిగిందంటే బోర్డు మార్చడం తప్ప దారి లేదు, విరిగినదానికి వారంటీ వర్తించదు.

ఇట్లు,
కంప్యూటర్లు బిగించే పనివారు కొందరు,
విజయనగరం, శ్రీకాకుళం.