థర్మాకోల్‌ను కరిగించిన మీ రెజిన్ కిట్ గురించి ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఫైబర్ గుడ్డ మీద పోస్తే గట్టిపడే మీ కంపెనీ రెజిన్, రెండు లీటర్ల కిట్ 1,450 రూపాయలు పెట్టి కొన్నాను. ఏం జరిగిందో ఫోన్‌లో ఇప్పటికే రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ తప్పు నాదేనని తేల్చేశారు కాబట్టి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

రుషికొండ బీచ్‌లో ఎవరో విరిగిన సర్ఫ్ బోర్డు వదిలేసి వెళ్లారు. పెద్ద ముక్క ఆరడుగులకు పైనే ఉంది. పైనున్న ఫైబర్ పొర ఒలిచేస్తే లోపల పూసపూసగా తెల్లటి థర్మాకోల్. దాన్ని ఎండబెట్టి, మా తమ్ముడికి బోర్డు చేద్దామని మొదలుపెట్టాను. ఐదు ఆదివారాలు మేడ మీదే గడిచాయి. నైక్రోమ్ తీగ వేడిచేసి అంచులు కోయడం, ముక్కు కాస్త పైకి లేచేలా అడుగు భాగం అరగదీయడం, అట్టముక్కతో చేసిన కొలత అటూ ఇటూ పెట్టి సరిచూడటం. ఒక పక్క ఎక్కువ అరిగితే రెండో పక్కా అరగదీయాలి కదా, అలా 20 అంగుళాల వెడల్పు అనుకున్నది 19కి వచ్చింది. ఎగిరిన పూసలు అమ్మ ఆరబెట్టిన వడియాలకు అంటుకున్నాయి. ఆ తిట్లకు మాత్రం మీ బాధ్యత లేదు.

మీ డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘అన్ని రకాల ఫోమ్‌లకూ అనుకూలం’ అని ఉంది. అయినా కొనే ముందు ఫోన్ చేసి, థర్మాకోల్ మీద వాడొచ్చా అని అడిగాను. “ఏ ఫోమ్ అయినా పర్లేదు సార్” అన్నారు. ఫైబర్ గుడ్డ పరిచి, రెజిన్ పోసి, రబ్బరు పట్టీతో సమంగా లాగుతుండగానే గుడ్డ కింద మెత్తగా కుంగడం మొదలైంది. పది నిమిషాల్లో బోర్డు మధ్యలో అన్నం గిన్నెంత గుంట.

రెజిన్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ ఎక్కువై వేడి పుట్టిందని మీ వాళ్లు మొదటిసారి అన్నారు. రెండోసారి విశాఖ తేమ అన్నారు. తేమకు థర్మాకోల్ కరిగేదైతే మా జాలారిపేట తెప్పలు ఒక్కరోజు నిలవవు. వాటిలో చాలావాటికి లోపల ఉండేది థర్మాకోలే.

వేడి సంగతీ చూశాను. మిగిలిన ముక్క మీద హార్డెనర్ చుక్క కూడా కలపకుండా మీ రెజిన్ ఒక్కటే చెంచాడు పోశాను. అదీ కరిగింది. ఇంకో ముక్కకు వేరేచోట కొన్న ఎపాక్సీ అనే మరో రకం రెజిన్ పూసి రాత్రంతా వదిలేస్తే చెక్కుచెదరలేదు. ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ పడవలు బాగుచేసే మేస్త్రి మీ డబ్బా మూత తీసి వాసన చూసి, “ఇది మా పడవలకి కొట్టే పాలిస్టరే బాబూ, థర్మాకోల్ని తినేస్తాది” అన్నాడు. పాలిస్టర్ రెజిన్‌ను పల్చగా ఉంచేది స్టైరీన్ అనే ద్రవం. థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్, స్టైరీన్ తగిలితే కరిగిపోతుంది. పాలియురేథేన్ ఫోమ్ బోర్డులకైతే ఈ రెజిన్ చక్కగా సరిపోతుంది, థర్మాకోల్‌కు మాత్రం ఎపాక్సీయే కావాలి. రెజిన్ అమ్మే మీకు ఇది తెలియదంటే నమ్మలేను. ముందే చిన్న ముక్క మీద వేసి చూడాల్సింది, ఒప్పుకుంటాను. కానీ డబ్బా మీద ఆ మాట రాసింది నేను కాదు.

కిట్ డబ్బు వాపసు ఇవ్వండి. ఫోమ్ ఊరికే దొరికింది, దానికి వెల కట్టను. గుడ్డ ఖర్చూ అడగను. కానీ ఆ ‘అన్ని రకాల’ మాట తీసేసి, ‘థర్మాకోల్ మీద వాడరాదు’ అని తెలుగులో కూడా వేయండి. రేపు ఏ జాలరో ఈ డబ్బా కొని తెప్పకు పూస్తే ఆ రోజుతో అతని వేట ఆగిపోతుంది.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. బిల్లు, ఫొటోలు జతచేశాను. కరిగిన ముక్క కావాలంటే కొరియర్ చేస్తాను, ఖర్చు మీదే. డబ్బాలో మిగిలిన రెజిన్ మాత్రం పంపను, అది నా దగ్గరున్న సాక్ష్యం.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారుడు,
జోడుగుళ్లపాలెం, విశాఖపట్నం