ముస్లిం మహిళల మాట కూడా వినాలి

ముస్లిం మహిళ అనగానే నల్ల బురఖాలో ఉన్న, ఎవరో వచ్చి కాపాడాల్సిన బాధితురాలిగానే చూపించే పాశ్చాత్య మీడియా ధోరణి మారాలి. 2001 నవంబరులో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియో ప్రసంగంలో అఫ్గాన్ యుద్ధాన్ని మహిళల హక్కుల పోరాటంతో ముడిపెట్టారు. అమెరికాలోని స్త్రీవాదుల్లో కొందరు వంత పాడారు. తాలిబాన్ల అణచివేత నిజమే, దాన్ని ఎవరూ వెనకేసుకురాకూడదు. కానీ 2021లో అమెరికా సైన్యం వెళ్లిపోయింది, తాలిబాన్లు మళ్లీ గద్దెనెక్కారు, ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి మూతపడింది, వాళ్ల గురించి ఆ స్థాయి హడావుడి ఇప్పుడేదీ? 2022లో బలవంతపు హిజాబ్‌పై తిరగబడిన ఇరాన్ మహిళలను మెచ్చుకున్నారు, మంచిదే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ తన క్రీడాకారిణులకు హిజాబ్ నిషేధించినప్పుడు మాత్రం అక్కడి ప్రభుత్వం దాన్ని లౌకికవాదం పేరుతో సమర్థించుకుంది. తొడగమన్నా, తీసేయమన్నా ఆడదాని బట్టలపై ప్రభుత్వ పెత్తనమే కదా! మన తెలుగు పత్రికల అంతర్జాతీయ పేజీల్లోనూ విదేశీ వార్తా ఏజెన్సీల కథనాలే ఎక్కువగా వస్తున్నాయి, వార్త చదువు గురించైనా, కోర్టు తీర్పు గురించైనా అదే బురఖా ఫొటోతో. ఇలాంటి వార్త వేసేటప్పుడు ఆ దేశపు ముస్లిం మహిళల అభిప్రాయం తప్పనిసరిగా చేర్చండి. హైదరాబాద్, కర్నూలు, గుంటూరులలో ఉన్న ముస్లిం మహిళా లాయర్లు, టీచర్లు, రచయిత్రులతో ఈ విషయాలపై వ్యాసాలు రాయించండి.