ఓడిన పార్టీ ముందు తెరవాల్సింది ఫారం 20

సంపాదకుడు గారికి,

ఓడిన ప్రతి పార్టీ సమీక్ష పెడుతుంది. ఈవీఎంల మీద అనుమానం, సొంతవాళ్ల వెన్నుపోటు, ‘చేసింది చెప్పుకోలేకపోయాం’ అన్న నిట్టూర్పు... ఈ మూడింటితోనే భోజనాల వేళయిపోతుంది. ఫారం 20 ముందేసుకుని కూర్చున్నారన్న వార్త మాత్రం కనబడదు. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చెప్పే పత్రం అది. ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ అదే 39 శాతం, సీట్లు 11. రెండుసార్లూ ‘తుడిచిపెట్టుకుపోయింది’ అనే అన్నారు. నిజానికి పదిమందిలో నలుగురు కదల్లేదు. జారినవాళ్లు ఏ బూత్‌లో జారారో పట్టుకోవడమే పని.

2024లో రాష్ట్రంలో 46 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలు, నియోజకవర్గానికి సగటున 265. రెండు ఎన్నికల ఫారం 20లు పక్కపక్కన పెట్టి, బాగా పడిపోయిన బూత్‌లు వేరుచేయాలి. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. ఎన్నికకూ ఎన్నికకూ బూత్ నంబర్లు మారతాయి, కొన్ని రెండుగా చీలతాయి. నంబరు చూసి పోల్చితే పక్క ఊరి ఓట్లు ఈ ఊరికి అంటగట్టినట్టే. కేంద్రం పేరు, దాని కిందకొచ్చే వీధులు చూసి జతకలపాలి. పోస్టల్ బ్యాలెట్ల లెక్క విడిగా ఉంటుంది, ఉద్యోగుల కోపం తెలిసేది అక్కడే.

తర్వాత ఓటరు జాబితా. పేజీకి 30 పేర్లు, 900 ఓట్ల బూత్‌కు 30 పేజీలు. పేజీకో ఇన్‌ఛార్జి ఉన్నాడని పార్టీలు చెప్పుకుంటాయి. కాగితం మీద ఉంటాడు కూడా. తీరా చూస్తే కన్వీనర్ బావమరిదో, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే కుర్రాడో. తన పేజీలో ఎవరు చనిపోయారో, ఎవరు వలసపోయారో, ఎవరికి 18 నిండాయో చెప్పలేనివాడి పేరు కొట్టేయడం మేలు. ఆ వీధిలో ఉండే అయిదుగురు చాలు.

కొత్త ఓటర్లకు ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు. అయినా పార్టీలు ఎన్నికల ఏడాదిలోనే మేల్కొంటాయి. ఓటరు జాబితా సాధారణ సవరణలో పార్టీ నియమించిన బూత్ ఏజెంటు బీఎల్‌వోకు (బూత్ స్థాయి ఎన్నికల అధికారికి) రోజుకు 10 దరఖాస్తులకు మించి ఇవ్వకూడదు. మొత్తం 30 దాటితే అధికారులు మళ్లీ తనిఖీ చేయాలి. ఆఖరి రోజు కట్టలు మోసుకెళ్తే ఫలితం ఉండదు. ఇక జాబితాలోంచి పేరు తీసేయమని అడిగే ఫారం 7ను గంపగుత్తగా పడేసే తెలివి మరీ ప్రమాదం. 2019 ఎన్నికల ముందు అది పోలీసు కేసులదాకా వెళ్లింది.

నమోదు ఎంత పనిచేస్తుందో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో తెలుస్తుంది. ఆ జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు, పాత ఓటరైనా నమోదు దరఖాస్తు అయిన ఫారం 18 మళ్లీ ఇవ్వాలి. డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి. అంటే ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపించినవాడు పోలింగ్‌కు ముందే సగం పని ముగించినట్టు. 2023 మార్చిలో ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ రాయలసీమ మూడు పట్టభద్రుల స్థానాలూ గెలుచుకుంది. అదే పార్టీ 2021లో పరిషత్ ఎన్నికలను బహిష్కరించడం నా దృష్టిలో పొరపాటే. ఓడతామని తెలిసినా ఎంపీటీసీకి మనిషిని నిలబెడితే ఆ ఊళ్లో జెండా పట్టేవాడు మిగులుతాడు. పంచాయతీ పోరులో పార్టీ గుర్తులుండవు గనుక పార్టీ బలమెంతో అక్కడ తేలదు.

నియోజకవర్గ ఇన్‌ఛార్జిని ఏడాదికోసారి మార్చడం ఇంకో జబ్బు. కొత్తాయన రాగానే పాత కమిటీలు రద్దు. బూత్‌వాడు మళ్లీ ఎవరి చుట్టూ తిరగాలో తేల్చుకునేలోపు నోటిఫికేషన్ వచ్చేస్తుంది.

ఈవీఎంల మాటకొస్తే, పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ఏజెంట్లకు ఫారం 17సీ నకలు ఇస్తారు. ఎన్ని ఓట్లు పోలయ్యాయో అందులో ఉంటుంది. ఆ నకళ్లు పార్టీ ఆఫీసుకు ఎన్ని చేరాయో ముందు లెక్కపెట్టుకుంటే, ఎన్ని బూత్‌లలో తమ ఏజెంటు సాయంత్రందాకా కూర్చోలేదో తేలిపోతుంది.

– ఒక పాఠకుడు