రెండో కెమెరాను షాపులోనే పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో ఏ సెల్‌ఫోన్ షాపుకెళ్లినా ముందు ఫోన్ తిప్పి వెనకున్న కెమెరాలు లెక్కపెట్టి చూపిస్తున్నారు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ రెండోది 2 మెగాపిక్సెల్ డెప్త్ సెన్సరో (దూరం అంచనా కట్టేది), మాక్రోనో (మరీ దగ్గరివి తీసేది) అయి ఉంటుంది. దానివల్ల ఫొటోకి ఒరిగేది దాదాపు సున్నా.

ఆ రెండోది టెలిఫొటో, అంటే దూరపువాటిని దగ్గరగా చూపే లెన్సు అయితే సంగతి వేరు. 2016లో వచ్చిన ఐఫోన్ 7 ప్లస్‌లో మామూలు లెన్సు పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో 28 మిల్లీమీటర్లు, రెండోది 56, అంటే రెండింతలు దగ్గరగా చూపుతుంది. టెలిఫొటో లేని 12 మెగాపిక్సెల్ ఫోన్లో 2ఎక్స్ (రెండింతల జూమ్) నొక్కితే మధ్య ముక్క కత్తిరించి సాగదీస్తుంది, అసలు మిగిలేది 3 మెగాపిక్సెల్. గోవిందరాజస్వామి గుడి గాలిగోపురం మీది బొమ్మలు కింద నుంచి రెండు రకాలుగా తీసి పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. (50 మెగాపిక్సెల్ సెన్సరున్న ఫోన్లలో నడిమి భాగమే 12 వస్తుంది కాబట్టి పగటిపూట వాటితో సరిపెట్టుకోవచ్చు.)

పొద్దుగూకితే మాత్రం చిక్కు. ఆ ఐఫోన్ మామూలు లెన్సు ఎఫ్/1.8, టెలిఫొటో ఎఫ్/2.8; ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. రెండోదానికి అందే వెలుతురు సగం కూడా ఉండదు. అందుకే చీకట్లో ఫోన్ చెప్పాపెట్టకుండా మెయిన్ కెమెరాకి మారి, దాని బొమ్మనే కత్తిరించి ఇస్తుంది. మీ ఫోన్ ఏం చేస్తోందో తెలియాలంటే 2ఎక్స్ పెట్టి, మూడు నాలుగు మీటర్ల దూరంలోని వస్తువును చూస్తూ ఒక్కో లెన్సు మీద వేలు అడ్డం పెట్టండి. దేన్ని మూస్తే తెర నల్లబడుతుందో పని చేస్తున్నది అదే. షాపు లైట్ల కింద ఒకసారి, మెట్ల కింది చీకట్లో ఒకసారి చూడాలి. మరీ దగ్గరి వస్తువు మీద చేస్తే ఫోకస్ అందక కూడా లెన్సు మారుతుంది, పొరబడతారు.

ఇరుకు హాల్లో పెళ్లి గ్రూపు ఫొటోకి అల్ట్రావైడ్ (మరింత వెడల్పుగా పట్టే లెన్సు) పనికొస్తుంది గానీ చివర నిలబడ్డవాళ్ల ముఖాలు సాగుతాయి. కాస్త ఒళ్లున్నవాళ్లని మధ్యలో నిలబెట్టండి, తర్వాత తిట్టరు.

ఇక వెనక మసకబారే పోర్ట్రెయిట్ కోసమే అయితే రెండో లెన్సు తప్పనిసరేం కాదు. 2017లో గూగుల్ పిక్సెల్ 2 వెనక ఒక్క కెమెరాతోనే అది చేసి చూపింది. ఎన్ని లెన్సులున్నా ఈ మసక లెక్కగట్టి పూసేదే కాబట్టి, రేగిన వెంట్రుకలు, జడలో మల్లెపూలు, జుంకీల దగ్గర అంచు తప్పుతుంది. కొండ మీద గుండు చేయించుకొచ్చినవాళ్లకి ఆ బెడద లేదు! మిగతావాళ్లని గోడకి ఆనించకుండా రెండు మీటర్లు ముందుకి జరిపితే చాలావరకు కుదురుతుంది.

గంగజాతరలాంటి రాత్రివేళల్లో 1ఎక్స్‌లోనే, అంటే జూమ్ లేకుండా మామూలు లెన్సు మీదే ఉంచండి. లెన్సు మీది చెమట, నూనె నూలుగుడ్డతో తుడిచి, మోచేతులు ఒంటికి ఆనించి, జూమ్ చేసే బదులు నాలుగడుగులు ముందుకెళ్లి తీయండి.

– ఒక ఫొటోగ్రాఫర్, తిరుపతి